కొటేషన్‌ని కింద నుంచి చదవండి

మొన్న మూఢంలో, పెళ్లిళ్లు లేక అందరం ఖాళీగా ఉన్న రోజుల్లో, మా మేనల్లుడు విశాఖ వెళ్లి కొత్త సిస్టమ్‌కి కొటేషన్ రాయించుకొచ్చాడు. వాడు పెళ్లి వీడియోల మిక్సింగ్ నేర్చుకుని రెండేళ్లయింది. ఇప్పుడు యానిమేషన్ కూడా పట్టుకున్నాడు. "ఓసారి సూడు మావయ్యా, రేపే అడ్వాన్సు కట్టెత్తాను" అన్నాడు. పన్నెండు లైన్ల కాగితం. పైన ప్రాసెసర్, దాని కింద గ్రాఫిక్ కార్డు, తర్వాత మదర్‌బోర్డు, ర్యామ్, రంగురంగుల లైట్లు వెలిగే అద్దాల క్యాబినెట్. అట్టడుగున, పెళ్లి భోజనంలో చివరగా వచ్చే మజ్జిగలా, "యూపీఎస్ 600 వీఏ – ఫ్రీ" అని ఉంది. నేను అక్కణ్నుంచి మొదలుపెట్టాను.

"అదేటి, తిరగేసి సదువుతున్నావు?"

మన వైపు సిస్టమ్ కొటేషన్‌ని అలాగే చదవాలి. పెద్ద ఊళ్లో ఉన్నవాడు ప్రాసెసర్ దగ్గర మొదలుపెడితే చెల్లుతుంది. నందిగాంలో ఉన్నవాడు గోడకున్న ప్లగ్గు దగ్గర మొదలుపెట్టాలి. టెక్కలి, పలాస, మందస, వజ్రపుకొత్తూరు వైపు పెళ్లిళ్లకి మిక్సింగ్ చేస్తూ పదేళ్లు దాటేశాను. సిస్టమ్ నెమ్మదిగా నడిచిందని ఒక్క పార్టీ కూడా నా చేయి జారిపోలేదు. మధ్యలో ఆగిపోయినందుకు, ఫుటేజ్ పోయినందుకు మాత్రం మాటలు పడ్డాను. ఒక పార్టీకి డబ్బు వెనక్కిచ్చాను కూడా.

ముందు ఆ 600 సంగతి. వీఏ వేరు, వాట్లు వేరు. షాపుల్లో దొరికే చిన్న యూపీఎస్‌లో 600 వీఏ అంటే ఇంచుమించు 360 వాట్లు. మావాడి కాగితంలో ప్రాసెసర్ ఇంటెల్ ఐ5 14400ఎఫ్. గట్టి పని పడితే 148 వాట్ల దాకా లాగుతుంది. గ్రాఫిక్ కార్డు ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, అది 180. బోర్డు, డిస్కులు, ఫ్యాన్లకి ఓ 60, మానిటర్‌కి 30 వేసుకోండి. మొత్తం 418. రెండర్ నడుస్తుండగా కరెంటు పోయిందంటే ఆ ఫ్రీ యూపీఎస్ కీచుమని ఒక్క అరుపు అరిచి సిస్టమ్‌తో పాటే పడుకుంటుంది. ఇలాంటి సిస్టమ్‌కి కనీసం 1000 వీఏ, అంటే 600 వాట్లు ఉండాలి. 1500 అయితే ఇంకా నయం. అది కూడా పని సాగించుకోవడానికి కాదు, ప్రాజెక్టు సేవ్ చేసి పద్ధతిగా షట్‌డౌన్ చేసుకోవడానికి. అదిచ్చేది కొద్ది నిమిషాలే.

"ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా" అనేవాళ్లు చాలామంది. ఉంటే మంచిదే. అది సైన్ వేవ్ ఇన్వర్టరా, స్క్వేర్ వేవ్ ఇన్వర్టరా చూసుకోండి. స్క్వేర్ వేవ్ బల్బులకి, ఫ్యాన్లకి సరిపోతుంది గానీ సిస్టమ్‌కి కరెంటు అందించే మంచి ఎస్ఎంపీఎస్‌లకి సరిపడదు. ఇంకో చిక్కు కూడా ఉంది. కరెంటు పోయిన క్షణాన ఎస్ఎంపీఎస్ తన కెపాసిటర్లలో ఉన్నదానితో 16, 17 మిల్లీసెకన్లు మాత్రమే ఓర్చుకుంటుంది. ఇన్వర్టర్ బ్యాటరీ మీదకి మారడానికి అంతకంటే ఎక్కువ సమయం తీసుకుంటే సిస్టమ్ రీస్టార్ట్ అయిపోతుంది. చాలా ఇన్వర్టర్లకి వెనకాల యూపీఎస్ మోడ్ అని స్విచ్ ఉంటుంది, అది వేసి ఉంచండి. నా ఏర్పాటైతే గోడ తర్వాత ఇన్వర్టర్, ఇన్వర్టర్ తర్వాత యూపీఎస్, ఆ తర్వాతే సిస్టమ్. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో కాగితం మీద 1,800 వాట్ అవర్లున్నాయి. నష్టాలు పోను 400 వాట్ల సిస్టమ్‌ని 3 గంటలు లాగితే గొప్పే. ఇదే బ్యాటరీ మీద ఫ్రిజ్ కూడా తగిలించి, ఇన్వర్టర్ పనికిరాదని తిట్టుకునేవాళ్లని చూశాను.

సోలార్ గురించి కూడా ఒక మాట. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది. బిల్లు తగ్గించుకోవడానికి బాగుంది. అయితే బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కి కలిపే సోలార్, లైన్‌లో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకుండా అలా చేస్తారు. మిట్టమధ్యాహ్నం ఎండలో, నెత్తిన పలకలు పెట్టుకుని చీకటి మానిటర్ ముందు కూర్చోవాల్సి వస్తుంది.

ఇక ఎర్తింగ్. సిస్టమ్ క్యాబినెట్ మీద చెయ్యి వేస్తే జివ్వుమంటోందా? మన ఇళ్లలో సగం చోట్ల ఇదే కథ. "అన్ని సిస్టమ్‌లూ అంతేలే" అని చెప్పులేసుకుని పని చేసుకుంటారు. అది ఎర్త్ లేదన్న కబురు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, ప్లగ్గులో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య మల్టీమీటర్ పెట్టించండి. ఒకటి రెండు వోల్టులైతే పర్వాలేదు. పదులు చూపిస్తే ఎర్త్ గుంత మళ్లీ తవ్వించాల్సిందే. ఉద్దానం ఇసుక నేల ఎండాకాలం పొడిబారితే కరెంటుని సరిగ్గా లోపలికి పోనివ్వదు. గుంతలో ఉప్పు, బొగ్గు వేసి, వేసవిలో కొబ్బరి మొక్కకి పోసినట్టు దానికీ రెండు బిందెలు నీళ్లు పోస్తుండాలి. ఉరుములు మొదలైతే మాత్రం ఏ యూపీఎస్‌నీ నమ్మకండి. గోడ నుంచి ప్లగ్గు పీకెయ్యండి, లాన్ వైరు కూడా.

కొటేషన్‌లో కింద నుంచి రెండో లైన్ ఎస్ఎంపీఎస్. కంపెనీ పేరు లేకుండా "650 వాట్స్" అని రాసి ఉంది. షాపువాళ్లు మిగుల్చుకునేది ఇక్కడే. పేరున్న కంపెనీది, 80 ప్లస్ గోల్డ్ ముద్ర ఉన్నది, కనీసం ఐదేళ్ల వారంటీ ఇచ్చేది అడగండి. 5060 టీఐ లాంటి కార్డుకి 650 వాట్లు సరిపోతాయి. అద్దాల క్యాబినెట్, రంగు లైట్లు తీయించేస్తే ఎస్ఎంపీఎస్‌కి కావలసిన తేడా డబ్బు అందులోంచే వస్తుంది. మావాడికి కష్టంగానే అనిపించింది, ఆ లైట్ల మీద మనసు పడ్డాడు పాపం.

తర్వాత డిస్కులు. నేను నిజంగా దెబ్బతిన్నది ఇక్కడే. కాస్త లెక్క వేద్దాం. 4కె కెమెరా సెకనుకి 100 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే గంటకి 45 జీబీ. పెద్ద పెళ్లికి మూడు కెమెరాలు, ఒక్కోటి ఐదు గంటలు తిరిగాయనుకుంటే 675 జీబీ. డ్రోన్, ప్రీ వెడ్డింగ్ వేరే లెక్క. మావాడు రాయించుకున్నది ఒకే ఒక్క 1 టీబీ ఎన్‌వీఎంఈ. ఒక పెళ్లికే నిండిపోతుంది. వైశాఖంలో వారానికి నాలుగు పెళ్లిళ్లు పడితే ఏ ఫోల్డర్ తీసెయ్యాలా అని అర్ధరాత్రి చూసుకుంటూ కూర్చోవాలి. అలాంటి ఒక రాత్రే నిద్రమత్తులో కాపీ అవని కెమెరా కార్డుని ఫార్మాట్ కొట్టేశాను. తాళి కట్టేటప్పటి క్లోజప్ అందులోనే ఉంది. పెళ్లికూతురి తండ్రి నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది. డబ్బు వెనక్కిచ్చింది ఆయనకే.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. విండోస్‌కీ సాఫ్ట్‌వేర్లకీ ఒక చిన్న ఎన్‌వీఎంఈ. నడుస్తున్న పనికి, క్యాషేకి 2 టీబీ ఎన్‌వీఎంఈ వేరే. పని పూర్తయ్యాక దాచడానికి సిస్టమ్ లోపల 4 టీబీ హార్డ్ డిస్క్. అదే కాపీ మళ్లీ బయటి హార్డ్ డిస్క్‌లో, అదీ వేరే ఇంట్లో. వేరే ఇల్లు ఎందుకో మన వైపు వాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలతో పాటు ఇళ్ల కప్పులూ లేచిపోయాయి. ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. ఒకే గదిలో రెండు కాపీలు పెట్టుకుంటే ఆ రెండూ కలిసే తడుస్తాయి. పాత పెళ్లిళ్లని ఎస్ఎస్‌డీలో పెట్టి బీరువాలో పడేయకండి. ఏళ్లపాటు కరెంటు తగలకపోతే ఎస్ఎస్‌డీలో డేటా జారిపోవచ్చు. దాచుకునేదానికి హార్డ్ డిస్కే నయం, అది కూడా ఆర్నెల్లకోసారి తగిలించి చూడాలి. రెండు చోట్లా కాపీ పడి, ఫైళ్లు తెరిచి చూసుకున్నాకే కార్డు ఫార్మాట్.

ఇవన్నీ క్లౌడ్‌లో పెడితే పోదా అని మావాడి ప్రశ్న. 100 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఎక్కడా తగ్గకుండా నిలబడినా 675 జీబీకి 15 గంటలు. అలా నిలబడదు కదా. ఫైనల్ వీడియో, ప్రాజెక్టు ఫైలు క్లౌడ్‌లో పెట్టుకోండి చాలు. ముడి ఫుటేజ్ హైదరాబాద్ పంపాలంటే డిస్క్‌ని బబుల్ కవర్‌లో చుట్టి పలాసలో రైలెక్కే మనిషికి ఇవ్వడమే ఇప్పటికీ త్వరగా తేలే దారి.

ఇప్పుడు ప్రాసెసర్. 14400ఎఫ్ చివర ఉన్న ఆ "ఎఫ్" అక్షరం చూశారా? ఆ రకం ప్రాసెసర్‌లో లోపలి గ్రాఫిక్స్ పనిచేయవు. గేములాడేవాడికి ఫర్వాలేదు, వాడికి గ్రాఫిక్ కార్డు ఎలాగూ ఉంటుంది. మనకి ఫర్వా ఉంది. ఇంటెల్ లోపలి గ్రాఫిక్స్‌లోనే క్విక్ సింక్ అనే భాగం ఉంటుంది. కెమెరా ఫుటేజ్‌ని విప్పి టైమ్‌లైన్ మీద జారేలా నడిపించేది అదే. మన జిల్లాల్లో మిక్సింగ్‌కి ఎక్కువగా వాడే ఎడియస్‌కి క్విక్ సింక్ ఎప్పటి నుంచో తోడు. ఇప్పటి సోనీ కెమెరాలు 10 బిట్, 4:2:2లో రికార్డు చేస్తున్నాయి. రంగు దిద్దడానికి అది వరం, పాత సిస్టమ్‌లకి శాపం. హెచ్.265లో తీసిన 4:2:2 ఫుటేజ్‌ని ఇంటెల్ 11వ తరం నుంచీ లోపలి గ్రాఫిక్స్ తేలిగ్గా విప్పుతాయి. ఎన్‌విడియా కార్డుల్లో ఆ సదుపాయం 2025లో వచ్చిన 50 సిరీస్ నుంచే. 3060, 4060 ఎంత బలమైనవైనా ఈ ఒక్క పని చేతకాదు. సెకండ్ హ్యాండ్‌లో పాత కార్డు తీసుకునేవాళ్లు ఎఫ్ లేని ప్రాసెసర్ తీసుకుంటే ఆ లోటు తీరుతుంది. మావాడి కార్డు 50 సిరీస్‌దే అయినా ఎఫ్ కొట్టేయించాను. రేపు కార్డు పాడై వారంటీకి పంపితే, ఎఫ్ ప్రాసెసర్‌తో మానిటర్‌లో బొమ్మే రాదు. సీజన్‌లో ఇరవై రోజులు నల్ల తెర చూస్తూ కూర్చుంటావా అని అడిగాను.

ఐ7, ఐ9లలో 13, 14 తరాల ప్రాసెసర్లు సెకండ్ హ్యాండ్‌లో బేరానికి వస్తుంటాయి. వాటిలో వోల్టేజ్ ఎక్కువై ప్రాసెసర్ మెల్లగా పాడయ్యే లోపం ఉందని ఇంటెల్ 2024లో ఒప్పుకుంది, బయోస్ ద్వారా మందు పంపింది, వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. ఆ మందు పడకముందు ఎన్నాళ్లు వాడారో మనకి తెలీదు కాబట్టి అలాంటిది సెకండ్ హ్యాండ్‌లో నేనైతే కొనను. కొత్తది కొన్నా మొదటి రోజే బయోస్ అప్‌డేట్ చేయించండి.

ఇంతకీ కొత్తది కొనక తప్పదా? పెళ్లి మిక్సింగ్ ఒక్కటే చేసేవాళ్లు ముందు ప్రాక్సీలు వాడి చూడండి. ఫుటేజ్‌కి చిన్న సైజు నకళ్లు రాత్రి తయారుకి పెట్టి, పగలు వాటి మీద కటింగ్ చేసి, ఎక్స్‌పోర్ట్ అప్పుడు అసలు ఫుటేజ్‌కి మారిపోవడం. ఎడియస్, ప్రీమియర్, డావిన్చీ రిజాల్వ్ మూడింట్లోనూ ఉంది. ఆరేడేళ్ల నాటి సిస్టమ్ కూడా ఇంకో రెండు సీజన్లు లాగేస్తుంది. నేను అలాగే లాగాను.

యానిమేషన్ అయితే లెక్క మారుతుంది. ర్యామ్, గ్రాఫిక్ కార్డు మీద డబ్బు పెట్టాల్సింది ఇక్కడే. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ మనకి చూపించే ప్రతి ఫ్రేమునీ ర్యామ్‌లో దాచుకుంటుంది. 4కె ఫ్రేము ఒక్కటి 8 బిట్‌లో 33 ఎంబీ, సెకనుకి 25 ఫ్రేములంటే 830 ఎంబీ దాకా. పది సెకన్ల ముక్క ఆపకుండా చూసుకోవాలంటే 8 జీబీ దానికే పోయింది. 16 జీబీతో యానిమేషన్ మొదలుపెట్టకండి. 32 కనీసం, 64 సుఖం. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్లు మెమరీని ఎగరేసుకుపోతుంటే ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. అందుకని నాలుగు స్లాట్ల బోర్డు తీసుకుని, ఇప్పటికి 16 జీబీలవి రెండు వేసుకుని, తర్వాత పెంచుకునే చోటు ఉంచుకోండి.

గ్రాఫిక్ కార్డులో చూడాల్సింది వేగం కంటే ముందు దాని సొంత మెమరీ. బ్లెండర్‌లో సైకిల్స్‌తో రెండర్ చేసేటప్పుడు సీను మొత్తం కార్డు మెమరీలో పట్టాలి. పట్టకపోతే నత్తనడక, లేదంటే ఎర్రర్. 5060 టీఐలో 8 జీబీది, 16 జీబీది రెండూ ఉన్నాయి, పేరొక్కటే. కొటేషన్‌లో ఎన్ని జీబీలో రాయలేదంటే అది 8 అనే అనుకోండి.

అసలు మన ఊళ్లో కూర్చుని యానిమేషన్ తిండి పెడుతుందా అని మా అక్క అడుగుతుంది. 2008 నుంచి దేశంలో పిల్లలందరూ చూస్తున్న ఛోటా భీమ్ హైదరాబాద్‌లో గ్రీన్ గోల్డ్ వాళ్లు చేసింది. ఆ పని నేర్చుకోవాలంటే అక్కడికి వెళ్లడం మంచిదే. ఇంట్లో సిస్టమ్ మీద ఏం చేయొచ్చో చెప్పాలంటే "ఫ్లో" ఉంది. లాత్వియా కుర్రాడు గింట్స్ జిల్బలోదిస్ తీసిన పిల్లి కథ, 2024లో వచ్చింది. 2025 మార్చిలో ఆస్కార్ కొట్టింది. ఉచితంగా దొరికే బ్లెండర్‌తో చేశారు. సైకిల్స్ కాకుండా ఈవీ అనే వేగమైన రెండరర్ వాడారు, పెద్ద రెండర్ ఫారం లేకుండా దర్శకుడి సొంత పీసీ మీదే ఫైనల్ రెండర్ తీశారు. నెలకి వేలకి వేలు సాఫ్ట్‌వేర్ అద్దె కట్టక్కర్లేదు, ముందు బ్లెండర్, రిజాల్వ్ ఉచిత వెర్షన్లతో చెయ్యి తిరగనీ అని మావాడికి చెప్పాను.

యానిమేషన్ చేసేవాళ్లకి ఇంకో అలవాటు ఉండి తీరాలి. నిమిషం వీడియోకి 24 చొప్పున 1,440 ఫ్రేములు. ఫ్రేముకి మూడు నిమిషాలు పడితే 72 గంటల రెండర్. మూడు పగళ్లు, మూడు రాత్రులు కరెంటు పోకుండా ఉండే ఊరు కాదు మనది. కాబట్టి రెండర్‌ని ఎప్పుడూ నేరుగా ఎంపీ4లోకి పెట్టకండి. మధ్యలో ఆగితే ఆ ఫైలు తెరుచుకోదు, మళ్లీ ఒకటో ఫ్రేము నుంచే. పీఎన్‌జీ లేదా ఈఎక్స్‌ఆర్ బొమ్మల వరసగా పెట్టండి. 900వ ఫ్రేము దగ్గర కరెంటు పోతే 900 నుంచే మొదలవుతుంది. చివర్లో బొమ్మలన్నీ కలిపి వీడియో చేసుకోవడం నిమిషాల పని. పైసా ఖర్చు లేదు, అయినా మూడొంతుల మంది పాటించరు.

గది మాటకొస్తే, పలాస, కాశీబుగ్గ జీడి బట్టీల దగ్గరున్నవాళ్లకి ఆ పొగలోని నూనె జిడ్డు ఫ్యాన్ రెక్కలకి పడుతుంది, దాని మీద దుమ్ము అట్టకడుతుంది. టెక్కలి వైపు గ్రానైట్ పొడి. తీరం దగ్గర ఉప్పుగాలి, కనెక్టర్లకి పచ్చగా చిలుము. క్యాబినెట్‌కి ముందు జల్లెడ ఉన్నది తీసుకుని, నెలకోసారి విప్పి బ్లోయర్ కొట్టండి. కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి. నీళ్ల కూలర్లు మనకొద్దు, అల్యూమినియం రెక్కల గాలి కూలర్ పాడవడానికి ఫ్యాన్ తప్ప ఏముంది?

మ్యాక్ మినీ కొనుక్కుందామా అని కూడా కొందరు అడుగుతున్నారు. ఎం4ది 2024లో 59,900కి వచ్చింది. ఎడిటింగ్ ఒక్కటే అయితే చెడ్డ ఆలోచన కాదు. 65 వాట్లు దాటి లాగదు, చిన్న యూపీఎస్ మీదే చాలాసేపు నిలబడుతుంది. సోనీ హెచ్.265 ఫుటేజ్ వెన్నలా నడుస్తుంది. కానీ ఎడియస్ అందులో లేదు, ర్యామ్ ఎప్పటికీ పెంచలేరు. త్రీడీ చేసేవాడికి అదొద్దు.

డబ్బు సంగతి. "బిల్లు వద్దంటే 18 శాతం తగ్గిస్తాం" అంటారు. వద్దు. వారంటీకి వెళ్లినప్పుడు అడిగేది ఆ కాగితాన్నే. ప్రతి భాగం సీరియల్ నంబరుతో బిల్లు రాయించండి. బ్యాంకు అప్పు కావాలన్నా అదే బిల్లు, అదే కొటేషన్. ముద్రలో 50,000 దాకా శిశు, అక్కడి నుంచి 5 లక్షల దాకా కిశోర్. కొత్తగా యూనిట్ పెట్టేవాళ్లకి పీఎంఈజీపీ పథకంలో పల్లెల్లో 25 నుంచి 35 శాతం దాకా సబ్సిడీ ఉంది. ముందే సిస్టమ్ కొనేసి తర్వాత వెళితే కొత్త యూనిట్ అని ఒప్పుకోరు, కాబట్టి వరస తప్పకండి.

కొనడం కూడా మూఢంలోనో, ఆషాఢంలోనో పెట్టుకోండి. పాడైన భాగం మొదటి రెండు మూడు వారాల్లోనే బయటపడుతుంది. మాఘంలో మొదటి పెళ్లి ముందు రోజు బయటపడితే ఏం చేస్తారు?

మావాడు కాగితం మార్పించుకున్నాడు. ఎఫ్ పోయింది, లైట్లు పోయాయి, ఒక డిస్క్ రెండయింది, ఎస్ఎంపీఎస్‌కి పేరొచ్చింది, ఫ్రీ యూపీఎస్ స్థానంలో డబ్బు పెట్టి కొన్నది వచ్చింది. మొత్తం మీద పెరిగింది కొంచెమే. సిస్టమ్ వచ్చిన సాయంత్రం మా అక్క దానికి పసుపు, కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టింది. చీకటి పడ్డాక వాణ్ని బ్లెండర్‌లో ఒక రెండర్ పెట్టమన్నాను. ఫ్రేములు నడుస్తుండగా వెళ్లి మెయిన్ స్విచ్ కిందకి లాగేశాను. ఇల్లంతా చీకటి. గదిలో యూపీఎస్ కీచుకీచుమంటోంది, మానిటర్ మీద 212 పోయి 213 పడింది.

"కరెంటు పోయిందేటిరా?" అని వంటింట్లోంచి అక్క కేకేసింది.

"లేదమ్మా, మావయ్య తీసేసినాడు."